కుండా, గొట్టమా

వానాకాలం చివర్లో మా ఊరి పైన కొండచరియ జారి, ఊట దగ్గర్నుంచి వచ్చే నీళ్ళ పైపును ఈడ్చుకుపోయింది. మనుషులెవరూ పోలేదు, రెండు గొర్రెలు పోయాయి. అందుకని పట్నంలో ఎవరికీ అది వార్త కాలేదు. కొత్త పైపు వేస్తామని కొందరు వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళారు. కొలతలైతే బాగానే తీసుకున్నారు. ఆ తర్వాత ఊరంతా పశువులు మేసే బీడు మీదుగా పారే కాలువ నీళ్ళకు అలవాటు పడింది. ముందు పిల్లల కడుపులు చెడ్డాయి, తర్వాత పెద్దలవి.

ఫోర్తునాతా మనవరాలు లుస్మీలాకు అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. కొత్తగా నిలబడటం నేర్చుకున్న పిల్ల మళ్ళీ కూర్చోవడానికే బలం లేనట్టు అయిపోయింది.

ఫోర్తునాతా వంటమనిషి. ఊళ్ళో కాదు, కొండల్లో వండుతుంది. ఎండాకాలం మొదలవగానే మంచుకొండల మధ్య నడవడానికి గ్రింగోలు, అంటే తెల్లతోలు విదేశీయులు, గుంపులు గుంపులుగా దిగుతారు. వాళ్ళ వెంట గైడు, గాడిదలు తోలేవాడు, వంటమనిషి వెళ్ళాలి. గాడిదలు తోలేది ఆమె మొగుడు పెలాయో. గుడారాలు, కిరసనాయిలు డబ్బా, బంగాళాదుంపలు, మడత కుర్చీలు అన్నీ గాడిదల మీద. అలసట మాత్రం ఎవరిది వాళ్ళ మీదే.

వంటకన్నా ఆమె ప్రాణం తీసేది నీళ్ళు. అందరికన్నా ముందు, ఇంకా చీకటుండగానే లేచి, గడ్డకట్టిన వేళ్ళతో పొయ్యి వెలిగించి, అందరి సీసాలకూ సరిపడా నీళ్ళు మరగబెట్టాలి. పైన, మంచు పక్కన, నీళ్ళు తొందరగానే పొంగుతాయి గానీ ఆ పొంగులో కింద ఉన్నంత వేడి ఉండదు. చాలాసేపు మరగనివ్వాలి. ఆ తర్వాతే టీ, ఆ తర్వాతే గంజి. అందరూ తిని ముందుకు నడిచాక గిన్నెలు తోమి, సామాను కట్టి, అందరినీ దాటి, వాళ్ళకన్నా ముందు తర్వాతి మజిలీ చేరాలి. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. కిందటేడాది నుంచి ఆమె పొయ్యి దగ్గర కూర్చుని అలాగే కునుకు తీయడం మొదలుపెట్టింది. ఒకసారి శాలువా అంచు అంటుకుంది కూడా.

పెలాయో అది చూశాడు. మనసులో పెట్టుకున్నాడు.

ఫోర్తునాతా వేరే గాడిదలవాడితో ఒక గుంపు వెంట కొండల్లో ఉండగా, నీళ్ళ సంగతి చూసే ఒక సహాయ సంఘం వాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. బడిలో మీటింగు పెట్టారు. నేనూ వెళ్ళాను. రోసౌరా అనే ఇంజనీరమ్మాయి బల్ల మీద రెండు రకాల ఫిల్టర్లు పెట్టింది. ఒకటి కాల్చిన మట్టికుండ. పూలకుండీలా ఉండి, కుళాయి బిగించిన ప్లాస్టిక్ బకెట్లో కూర్చుంటుంది. పైన పోసిన నీళ్ళు కుండ గోడల్లోంచి ఊరి కిందికి దిగుతాయి. రెండోది మూరెడు కూడా లేని గొట్టం. దానికి మెత్తటి సంచీ. సంచీలో నీళ్ళు నింపి పిండితే గొట్టంలోంచి శుభ్రమైన నీళ్ళు వస్తాయి.

"కుండ ఇంటికి, గొట్టం దారికి," అంది రోసౌరా. "మా దగ్గర ఉన్నవి తక్కువ. ఇంటికి ఒకటే. ఏది కావాలో మీరే ఎంచుకోండి."

"కుండని గాడిద మీద కట్టి కనుమ దాటించొచ్చా, అమ్మాయీ?" అని వెనకనుంచి అబ్దోన్ ముసలాయన అడిగాడు.

"దాటించొచ్చు తాతగారూ. పెంకులుగా దాటుతుంది."

అందరూ నవ్వారు. మా ఊళ్ళో సగం ఇళ్ళు కొండల మీదే బతుకుతాయి. భార్యలు కుండ అంటే భర్తలు గొట్టం అన్నారు. కొందరు వాకిట్లోకి వెళ్ళి పోట్లాడుకుని వచ్చారు. రోసౌరా ఇంకా జాగ్రత్తలు చెబుతూనే ఉంది, జనం మాత్రం అప్పటికే వరస కట్టేశారు.

పెలాయో వంతు రాగానే కూతురు నెలీదా చంకలో పిల్లతో వచ్చి అతను కప్పుకున్న పోంచో కంబళి పట్టుకు లాగింది.

"నాన్నా, కుండ తీసుకో. పిల్ల కోసం."

"పిల్లకి నువ్వు మరగబెట్టి పట్టు. ఇంట్లో పొయ్యి ఉంది, పైన కప్పు ఉంది. మీ అమ్మకి అక్కడ ఏముంది?"

"కట్టెలు తడిగా ఉన్నాయి నాన్నా. ఒక్కదాన్ని ఎన్నని చూడను? పొలం, పిల్ల, గొర్రెలు..."

"అందరం చూసుకుంటున్నాంలే," అని గొట్టం తీసుకుని మెడలో వేసుకున్నాడు.

ఫోర్తునాతా తిరిగొచ్చేసరికి అది ఇంకా అతని మెడలోనే వేలాడుతోంది. గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ ఆమె దాన్ని చూసింది.

"ఏంటది?"

"ఫిల్టరు. ఇంక నువ్వు తెల్లారకుండా లేవక్కర్లేదు. కాలువలో ముంచు, పిండు, అంతే."

"ఇంటికి ఏది ఇచ్చారు?"

"ఇంటికి ఒకటే. ఇదే."

నెలీదా లోపల్నుంచి వింటోంది. గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యాయి. ఫోర్తునాతాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ కోప్పడటానికి కూడా ఓపిక కావాలి. రెండో బూటు విప్పేసరికి ఆ కాస్తా అయిపోయింది.

"మనవరాలు నీ కంటికి ఆనలేదా?" అని మాత్రం అంది.

"నువ్వు ఆనావు," అన్నాడు పెలాయో. అని, గాడిదలకు మేత వేసే మిషతో బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాతి గుంపుతో ఇద్దరూ కలిసే వెళ్ళారు. గైడు విల్డర్, వారాస్ పట్నంలో పెరిగిన కుర్రాడు. మా అందరినీ వరసలు పెట్టి పిలుస్తాడు. మొదటి మజిలీలో ఫోర్తునాతా వాగు ఒడ్డున కూర్చుని సంచీ పిండటం మొదలుపెట్టింది. గ్రింగోలు ఒక్కొక్కరే ఖాళీ సీసాలు తెచ్చి ఆమె పక్కన నిలబెట్టారు.

"పిన్నీ, ఆవుని పిండినట్టు పిండుతున్నావు," అన్నాడు విల్డర్.

"ఆవైతే ఒక తన్ను తన్ని నన్ను లేపేది నాయనా. దీనికి ఆ జాలి కూడా లేదు."

మర్నాడు ఆమె వెలుగొచ్చాక లేచింది. పెలాయో గాడిదలకు తాళ్ళు బిగిస్తూ, ఆమె గుడారంలోంచి బయటికి రావడం చూశాడు. అతని మొహం పెళ్ళినాటి మొహంలా ఉంది. "నిద్ర పట్టిందా?" అని అడిగాడు. "పట్టింది," అంది. నిజానికి మణికట్లు రెండూ వాచి, రాత్రంతా వాటిని ఏ పక్క పెట్టుకోవాలో తెలియక దొర్లింది. కానీ అంత ఆశగా అడిగినవాడితో ఆ మాట ఎలా చెబుతుంది? ఆ రోజంతా దుంపల తొక్క తీయడానికి కత్తి పట్టు కుదరక, తొక్కతోనే ఉడకేసింది. గ్రింగోలు అదే మా పద్ధతి అనుకుని ఫోటోలు తీసుకున్నారు.

కనుమ కింద మజిలీ ఎప్పుడూ చెడ్డదే. సూర్యుడు కొండ వెనక్కి దిగగానే చలి భూమిలోంచి పైకి లేస్తుంది. ఆ సాయంత్రం గాలి కూడా తోడైంది. వంట గుడారం రెండుసార్లు కూలింది. ఫోర్తునాతా చారు కాచి, అందరికీ పోసి, తనది తాగకుండానే పడుకుంది.

తెల్లవారి చూస్తే గొట్టం వంట గుడారంలో, నీళ్ళ సంచీతో సహా, రాయిలా గడ్డకట్టి ఉంది.

"నీ మెడలో ఉందనుకున్నా," అంది ఫోర్తునాతా.

"నీ దుప్పట్లో పెట్టుకున్నావనుకున్నా," అన్నాడు పెలాయో.

అతను దాన్ని పోంచోలోకి దూర్చి, చంకలో పెట్టుకుని, మంచు కరిగేదాకా గాడిదల మధ్య అటూ ఇటూ తిరిగాడు. కరిగాక సంచీ నింపి పిండాడు. నీళ్ళు జలజలా వచ్చాయి. ముందు రోజులకన్నా ఎంతో తేలిగ్గా వచ్చాయి.

"చూశావా? చలి దీన్ని బాగుచేసింది," అన్నాడు మురిసిపోతూ.

ఫోర్తునాతా సీసాలోకి చూసింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. వాగులో ఉన్నప్పుడూ తేటగానే ఉన్నాయి. ఆ వాగుకు పైన ఆవుల మంద పడుకున్న చోటు ఆమె నిన్ననే చూసింది.

విల్డర్ పళ్ళు తోముకుంటూ అటు వచ్చాడు. "గడ్డకట్టిందా పిన్నీ? అలాగైతే అది పోయినట్టే అంటారు. లోపల సన్నటి దారాల్లాంటివి ఉంటాయి, అవి పగులుతాయట. పైకి ఏం తెలీదు."

"పైకి తెలీనప్పుడు పోయిందని ఎవరు చెప్పారు?" అన్నాడు పెలాయో.

"చెప్పడానికెవరూ లేరు బాబాయ్. అందుకే పారెయ్యమంటారు." విల్డర్ కనుమ వైపు చూశాడు. "మరగబెడితే ఆలస్యమవుతుంది. ఎండెక్కితే పైన మంచు మెత్తబడుతుంది. నీ ఇష్టం పిన్నీ. వంట నీది."

అతను వెళ్ళిపోయాడు. నిర్ణయం అలా ఆమె ఒళ్ళో పడింది. గ్రింగోలు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు. గుడారాలు సగం మడిచారు. గొట్టంలో నీళ్ళు హాయిగా కారుతున్నాయి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఒకవేళ రోగం వచ్చినా కింద పట్నం చేరాకే వస్తుంది, అప్పటికి వాళ్ళు ఏ తిండి వల్లనో అనుకుంటారు. ఆమె అదంతా ఆలోచించింది. తర్వాత నాతో చెప్పినప్పుడు దాచలేదు. "నా మణికట్లు నాతో ఒకటి చెబుతున్నాయి, కడుపు ఇంకొకటి చెబుతోంది," అంది.

మూట కట్టేసిన పెద్ద గిన్నెను విప్పి బయటికి తీసి, పొయ్యి మీద పెట్టింది.

పెలాయో కాసేపు నిలబడి చూశాడు. "అంత దూరం ఆలోచించి తెచ్చానే," అన్నాడు. "ఒక్క పూట నమ్మలేవా?"

"నిన్ను నమ్మకపోవడం కాదు."

"ఇంకేంటి? ఆ కుర్రాడు పళ్ళపొడి నోటితో ఏదో వాగితే అది వేదం. నేను తెచ్చింది చెత్త."

ఆమె మంట పెద్దది చేసింది. అతను సంచీ అందుకుని, నిండా ముంచి, సీసాలోకి పిండి, ఆమె చూస్తుండగా గటగటా తాగేశాడు. మళ్ళీ నింపుకుని నడుముకు కట్టుకున్నాడు. కనుమ ఎక్కుతున్నంతసేపూ, అవతల దిగుతున్నంతసేపూ ఆమెకు కనబడేలా అదే తాగాడు. వాళ్ళు ఆలస్యంగా బయల్దేరారు. పైన మెత్తబడిన మంచులో గాడిదలు పొట్టలదాకా దిగబడ్డాయి. గ్రింగోల్లో ఒకామె ఏడ్చింది. విల్డర్ ఫోర్తునాతాను ఏమీ అనలేదు గానీ ఆ రోజంతా వరస కలిపి పిలవలేదు.

రెండో రోజు మధ్యాహ్నం దిగువ లోయలో పెలాయో ఒక బండ వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి మళ్ళీ వెళ్ళాడు. సాయంత్రానికి బండల దాకా కూడా వెళ్ళలేకపోయాడు. మర్నాటికి జ్వరం, వాంతులు. నిలబెడితే కూలబడేవాడు.

ఫోర్తునాతా వకీలు మీది సామాను దింపి మిగతా గాడిదలకు పంచింది. వకీలు అంటే వాళ్ళ పెద్ద గాడిద. ప్రతి మలుపులోనూ వాదనకు దిగుతుందని ఆ పేరు పెట్టారు. దాని మీద మొగుణ్ణి ఎక్కించి, జారకుండా నడుముకు తాడు కట్టి, ఒక చేత్తో గాడిదల్ని తోలుతూ, మజిలీ రాగానే వంట చేస్తూ, చిటికెడు ఉప్పూ చక్కెరా కలిపిన మరిగిన నీళ్ళు అతనికి గుక్కగుక్కగా పడుతూ ఇద్దరు మనుషుల పని చేసింది. చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. అందరూ అలాగే తాగారు.

"గాడిద మీద గాడిదని ఎక్కించావు," అన్నాడు పెలాయో, ఆఖరి దిగుడులో.

"ఆ మాట నేననలేదు."

"అనకపోవడమే మరీ కష్టంగా ఉంది."

ఆమె అతని నడుము తాడు సరిచేసి నడిచింది.

"నీ కోసమే తీసుకున్నా ఫోర్తు."

"తెలుసు."

"తెలిస్తే ఒక్కసారైనా బాగుందని అనకూడదా?"

ఆమె తాడు వదిలి, చేతులు పైకెత్తి చూపించింది. మణికట్లు కంకుల్లా ఉబ్బి ఉన్నాయి. "దీనికన్నా మరగబెట్టడమే సుఖం, పెలాయో. పొయ్యి దగ్గర వెచ్చగానైనా ఉంటుంది."

అతను ఆ చేతుల్ని చాలాసేపు చూశాడు. "మొదటి రోజే చెప్పొచ్చుగా."

"నువ్వలా మురిసిపోతుంటే ఏమని చెప్పను?"

ఇంటికి చేరేసరికి లుస్మీలాకు మళ్ళీ విరేచనాలు మొదలయ్యాయి. నెలీదా మరగబెట్టడం మానలేదు, కట్టెలు తడిసి పొగ తప్ప మంట రాని రోజున గోరువెచ్చగా అయిన నీళ్ళే పట్టిందట. తాతా మనవరాలూ ఒకే గదిలో, ఒకరి ఎదురుగా ఒకరు పడుకున్నారు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన పొడిని కలిపి ఒకే చెంచాతో ఇద్దరికీ పట్టింది నెలీదా. ఆమె కూడా తల్లిలాగే అలసిపోయి ఉంది. ఆ ఇంట్లో పోట్లాడే తీరిక ఎవరికీ లేదు.

గోడ పట్టుకుని నడవగలిగిన రోజున పెలాయో టోపీ పెట్టుకుని బయల్దేరాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి, రోసౌరా ఉన్న బడి దాకా మధ్యమధ్యలో కూర్చుంటూ వెళ్ళాడు. చేతిలో గొట్టం ఉంది.

"ఇది చచ్చిపోయింది ఇంజనీరమ్మా. గడ్డకట్టింది. మీరు చెప్పే ఉంటారు, నేను వినలేదు. దీని బదులు కుండ ఇస్తారా?"

రోసౌరా నీళ్ళు నమిలింది. ఇంటికి ఒకటే అని అందరితో అన్నది తనే. ఒకరికి మారిస్తే రేపు బడి ముందు ఊరంతా నిలబడుతుంది. "ఇవ్వలేను బాబాయిగారూ," అంది చివరికి. ఆ ఇంజనీరమ్మాయి మొహం కూడా బాగా నలిగి ఉంది. ఆమె వెనక గదినిండా కుండలు బోర్లించి ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరికి?"

"పైన గొర్రెల కాపర్ల గుడిసెలకి. కారు పోదు. ఇద్దర్ని అడిగాను, పగులుతాయని తోలేవాళ్ళు ఒప్పుకోలేదు."

పెలాయో గుమ్మానికి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. "నేను తోలతాను," అన్నాడు. "కూలి వద్దు."

ఆ కుండల్ని కట్టింది ఫోర్తునాతా. ఆమె ఇన్నేళ్ళుగా గ్రింగోల పొద్దుటి పూట కోసం గుడ్లు కనుమ దాటిస్తోంది. కొండగడ్డి కోసుకొచ్చి, ప్రతి కుండలోనూ కుక్కి, చుట్టూ చుట్టి, పాత దుప్పట్లలో కుట్టేసింది. "ఇంట్లో మంచం మీద ఉండాల్సిన మనిషివి," అని విసుక్కుంటూనే కుట్టింది. అతను పైకి రెండు ప్రయాణాలు చేశాడు. మొదటిసారి వకీలు ఒక వంతెన మీద వాదన పెట్టుకుని కూర్చుంది. ఒక కుండ నిలువునా పగిలింది. ఇంకొకదానికి అంచు చితికింది.

తిరిగొచ్చి ఆ రెండూ రోసౌరా ముందు పెట్టి, తల వంచుకున్నాడు. ఆమె పగిలినదాన్ని పక్కన పడేసింది. అంచు చితికినదాన్ని వేలితో కొట్టి విన్నది, బకెట్లో కూర్చోబెట్టి నీళ్ళు పోసి, సాయంత్రం దాకా ఉంచి, ఎంత ఊరిందో కొలిచింది.

"పైన చితికింది గానీ గోడకి ఏం కాలేదు," అంది. "కానీ ఇలాంటిది ఎవరికీ పంచలేను. తీసుకెళ్ళండి బాబాయిగారూ, ఇది నాకు అడ్డం."

అలా కుండ ఇంటికి చేరింది. మొదటి రోజుల్లో నీళ్ళు మట్టి రుచిగా ఉండేవి. పొద్దున పోస్తే మధ్యాహ్నానికి గానీ పిల్లకి సరిపడా దిగేవి కావు. "దీనికన్నా మా నాన్న తొందరగా పని చేస్తాడు," అని నెలీదా వేళాకోళం చేసేది. కాలువ మురికికి కుండ లోపల బంక కట్టి ఊట సన్నగిల్లేది. అప్పుడు దాన్ని తీసి గరుకు బ్రష్షుతో గీకాలి. ఆ పని పెలాయో ఎవరికీ ఇవ్వలేదు. లుస్మీలా నెమ్మదిగా కోలుకుంది. నడక మాత్రం తోటి పిల్లలకన్నా ఆలస్యంగా వచ్చింది. పైపు ఇంకా రాలేదు.

సీజను ఇంకా సగం ఉంది. విల్డర్ మళ్ళీ కబురు పెట్టాడు, మళ్ళీ పిన్నీ అన్నాడు. ఇద్దరూ బయల్దేరారు. కొండల మీద ఆమె మునుపటిలాగే మరగబెట్టింది.

ఒక తెల్లవారుజామున ఆమె మెలకువ వచ్చి లేవబోతుంటే, వంట గుడారంలో గిన్నె చప్పుడైంది. పెలాయో తిట్టుకుంటూ పొయ్యి వెలిగిస్తున్నాడు. వేలు కాల్చుకున్నట్టున్నాడు. ఆమె మళ్ళీ దుప్పటి లాక్కుని కళ్ళు మూసుకుంది. నిద్ర రాలేదు, లేవాలనీ అనిపించలేదు. అతను మూత పెట్టడం మరిచిపోయాడు, గిన్నెనిండా మసి పడింది. ఆ రోజు గ్రింగోలు తాగిన నీళ్ళు పొగ వాసన వేశాయి.

మర్నాడు అతను లేవలేదు. గురక పెడుతున్నవాణ్ణి లేపకుండా దాటి వెళ్ళి ఆమే పొయ్యి వెలిగించింది. ఆ మర్నాడు అతను లేచాడు.